సంచులు సర్దేశాక అడిగే ప్రార్థన

ప్రశ్న:

అక్కా, వందనాలు. మాది మందస వైపు ఒక పల్లె, పేరు వెయ్యకండి. మా ఆయన ఆటో తోలేవారు. రెండేళ్ళ కిందట యాక్సిడెంటయి కుడికాల్లో రాడ్డు వేశారు, ఇప్పుడు బ్రేకు తొక్కలేరు, ఆటో మూలపడి ఉంది. నేను కాశీబుగ్గలో జీడిపప్పు పనికి వెళ్తాను. మాకు 60 సెంట్ల కొబ్బరి తోట ఉంది. తిత్లీ తుఫానుకి 42 చెట్లలో 33 పడిపోయాయి. మా అత్త మళ్ళీ మొక్కలు వేయించింది, 27 బతికాయి, ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. అప్పు 3 లక్షల 20 వేలు, మూడు రూపాయల వడ్డీ. మా మరిది ఒకాయన్ని తీసుకొచ్చాడు. 5 లక్షల 50 వేలిస్తే ఔట్‌సోర్సింగ్‌లో అటెండరు పోస్టు ఇప్పిస్తాడట, నెలకు 15 వేలు, తర్వాత పర్మనెంటు చేస్తారట. మా ఆయన ఎనిమిదో తరగతే చదివారు. టెన్త్ సర్టిఫికెట్టు కూడా తనే చూసుకుంటానన్నాడు. తోటకి 9 లక్షలకి బేరం వచ్చింది. నా గొలుసు, కమ్మలు తాకట్టు పెట్టి 50 వేలు అడ్వాన్సిచ్చాం. దేవుడిచ్చిన భూమి అమ్మొద్దు, ఆయనే చూసుకుంటాడని మా అత్త ఏడుస్తోంది. దేవుడొచ్చి వడ్డీ కడతాడా అని మా ఆయన అంటున్నారు. కొత్త సంవత్సరానికి తీసే బైబిల్ వాగ్దానం కార్డులో మాకు తెరిచిన తలుపు వచనం వచ్చింది, అది ఈ ఉద్యోగం గురించేనని మరిది మాట. దేవుణ్ణి నమ్ముకుని కూర్చోవాలా, భద్రంగా ఉండే దారి చూసుకోవాలా? ఈ పని సవ్యంగా జరగాలని మా కోసం ప్రార్థన చెయ్యండి.

ఒక చెల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

చెల్లీ, వందనాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మీ అత్తగారి మీద జాలేసింది, రెండోసారి మీ ఆయన మీద. మూడోసారి చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఈ పని సవ్యంగా జరగాలని ప్రార్థన చెయ్యమన్నావు కదా, చెయ్యను. కోపం తెచ్చుకోకు, ఎందుకు చెయ్యనో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నువ్వు రాసిన వరస చూడు. అడ్వాన్సు ఇచ్చేశామని ముందు రాశావు. దేవుణ్ణి నమ్మాలా, వేరే దారి చూసుకోవాలా అని ఆ తర్వాత అడిగావు. అంటే అడిగేనాటికే మీ ఇంట్లో జవాబు ఖాయమైపోయింది, దానికి నీ మెడలో గొలుసు కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు దేవుడు వచ్చి కింద సంతకం పెడితే చాలు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదులే. యిర్మీయా గ్రంథం 40 నుంచి 43వ అధ్యాయం దాకా ఈ రాత్రి కూర్చుని చదువు, ఇంట్లో అందరూ వినేలా పైకి చదివితే ఇంకా మంచిది. యెరూషలేము కాలిపోయింది. బబులోను రాజు చాలామందిని చెరపట్టుకుపోయి, మిగిలిన బీదాబిక్కీ మీద గెదల్యాని అధికారిగా పెట్టాడు. ఆ గెదల్యాని ఇష్మాయేలనేవాడు, రాజుల వంశం వాడే, ఒకచోట కూర్చుని భోజనం చేస్తూనే లేచి చంపేశాడు. ఇంక మిగిలినవాళ్ళకి వణుకు పట్టుకుంది, మనం పెట్టిన అధికారినే చంపుతారా అని బబులోను వాళ్ళు వచ్చి మనందరి ప్రాణాలూ తీస్తారేమోనని. అది వట్టి భయం కాదు, వాళ్ళ చోట నేనున్నా, నువ్వున్నా భయపడేవాళ్ళమే. అప్పుడు కారేహ కొడుకు యోహానాను వాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చి బేత్లెహేము దగ్గర ఒక మజిలీలో దిగాడు. అక్కడే ఎందుకంటే, అది ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, పోయే దారి. పిల్లాజెల్లా, మూటాముల్లె అన్నీ దారి మీదికి వచ్చేశాక అప్పుడు ప్రవక్త యిర్మీయా దగ్గరికెళ్ళి, మా కోసం ప్రార్థన చెయ్యి, దేవుడు మంచి చెప్పినా చెడు చెప్పినా వింటాం అని ఒట్టేసి మరీ చెప్పారు.

పది రోజులు పట్టింది జవాబు రావడానికి. ఈ పది రోజుల సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఇంటికి తిరిగి వెళ్ళరు, ముందుకీ వెళ్ళరు, రోడ్డు పక్కన మూటల మీద కూర్చుని ఎదురుచూశారు. ఇక్కడే ఉండండి, మిమ్మల్ని కడతాను గానీ పడగొట్టను, నాటుతాను గానీ పీకెయ్యను, ఆ రాజుకి భయపడొద్దు అని జవాబు వచ్చింది. వాళ్ళు విన్నారా? నువ్వు అబద్ధమాడుతున్నావు, నీ మాటలు రాసిపెట్టే ఆ బారూకు నిన్ను ఎగదోస్తున్నాడు అన్నారు. అని, పోతూ పోతూ యిర్మీయాని కూడా తమతో లాక్కుపోయారు.

వాళ్ళు కోరింది పెద్ద పాపమేమీ కాదు, చూడు. యుద్ధం కనబడని చోటు, బూర శబ్దం వినబడని చోటు, ఆకలి ఉండని చోటు కావాలనుకున్నారు, అంతే. మీ ఆయన కోరేదీ అదే కదా, ఒకటో తారీకున జీతం పడాలి, వడ్డీవాడి బండి శబ్దం వినగానే గుండె దడదడలాడకూడదు. అది కోరుకోవడం తప్పు కాదు. కానీ ఐగుప్తులో తహపనేసు అనే ఊరు చేరాక యిర్మీయా పెద్ద పెద్ద రాళ్ళు తీసుకుని ఫరో నగరు వాకిట్లో పాతిపెట్టి ఏమన్నాడంటే, మీరు ఎవరికి భయపడి ఇంత దూరం వచ్చారో ఆ బబులోను రాజు నెబుకద్రెజరు సింహాసనం ఈ రాళ్ళ మీదే వేస్తారు అని. ఏ భయం నుంచి పారిపోయారో అదే అక్కడికీ వస్తుందన్నమాట.

నీకు ఇదంతా చెప్పడానికి నాకేం అర్హత అంటావేమో. మేమూ ఆ మజిలీలో కూర్చున్నవాళ్ళమే. మా ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 3 లక్షలు ఒక డిపాజిట్ల కంపెనీలో వేశాం, పేరెందుకు. బ్యాంకులో కన్నా రెట్టింపు వడ్డీ అన్నారు. మా సంఘంలోవాళ్ళే నలుగురు వేశారు, ఏజెంటు కూడా ఆదివారం మా పక్క బల్ల మీద కూర్చునేవాడే. నేను సంతకం పెట్టిన ఫారం బైబిల్లో పెట్టి రెండు రోజులు ప్రార్థన చేశాను. ఏమని? ప్రభువా, ఈ పెట్టుబడిని ఆశీర్వదించు అని. ఇందులో వెయ్యమంటావా వద్దా అని మాత్రం నోరారా అడగలేదు, అడిగితే వద్దంటాడేమోనని నాకు లోపల ఎక్కడో తెలుసు. నాలుగేళ్ళకి ఆఫీసుకి తాళం పడింది. డబ్బు పోయిన బాధ కొన్నాళ్ళకి తగ్గింది గానీ, ఆ ఫారం పెట్టిన పేజీ తెరిచినప్పుడల్లా ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరే, ఇప్పుడు ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మీ మరిది వచ్చి, ఊళ్ళో పడి ఉండమంటుందా ఆవిడ అని అడుగుతాడు. ఐగుప్తుకి వెళ్ళడమే తప్పైతే బైబిల్ సగం తప్పవుతుంది. కరువొచ్చినప్పుడు ఇస్సాకుతో అటు వెళ్ళొద్దన్నాడు దేవుడు. ఆ ఇస్సాకు కొడుకు యాకోబుతో మాత్రం ఐగుప్తుకి వెళ్ళడానికి భయపడకు, నీతో నేనొస్తాను అన్నాడు. హేరోదు పసిపిల్లల్ని చంపించబోయే ముందు మరియ భర్త యోసేపుకి కలలో లేచి పిల్లవాణ్ణి, తల్లినీ తీసుకుని ఐగుప్తుకే పారిపొమ్మన్నాడు. దేశం ఒక్కటే, ఒకరికి వద్దు, ఇద్దరికి వెళ్ళు. కాబట్టి ఎక్కడికి వెళ్తున్నాం అన్నది కాదు చూడాల్సింది. ఎవరు పంపితే వెళ్తున్నాం, వెళ్తూ వెళ్తూ ఏం వదిలేసి వెళ్తున్నాం అన్నది.

మన జిల్లాలవాళ్ళకి వెళ్ళడం కొత్తా? మా తాతగారి అన్న రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మన పెద్దాళ్ళు రంగం అనే అనేవారు, నీ చిన్నప్పుడు మీ ఇంట్లోనూ విని ఉంటావు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి స్టీమర్లెక్కి వేలమంది వెళ్ళారు, రైసు మిల్లుల్లో, రేవులో మోత పనుల్లో చేరారు. ఆయన మనియార్డర్లు పంపేవాడు, ఊళ్ళో మా తాత మడిచెక్క పట్టుకుని ఉన్నాడు. మా మామ్మ చెప్పేది, ఊరంతా మా తాతని తిట్టేవారట, "అన్న దొరలాగ బతుకుతున్నాడు, నువ్వేటి ఈ మట్టిలో పొర్లుతావు" అని. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ వాళ్ళు బాంబులేశారు. మార్చి వచ్చేసరికి ఊరే వాళ్ళ చేతికి పోయింది. లక్షలమంది మనవాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియాకి బయలుదేరారు, కలరాతో, ఆకలితో దారిలోనే ఎంతమంది పోయారో. మా పెద్దతాత బతికి వచ్చాడు, భార్య రాలేదు. ఆయన పాపం చేశాడు కాబట్టి అలా అయిందని నేను చచ్చినా అనను. ఆకలేస్తే మనిషి వెళ్తాడు. మన ఎచ్చెర్ల మండలం మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దాకా వెళ్ళి పడవలెక్కుతారు. 2018లో వాళ్ళలో కొంతమందిని పాకిస్తాన్ పట్టుకెళ్ళింది, 2020 జనవరిలో గానీ వదల్లేదు. వాళ్ళ విశ్వాసం తక్కువై వెళ్ళలేదు కదా. నేను చెప్పేది ఒక్కటే, అదిగో అది భద్రమైన చోటు అని దూరం నుంచి చూసి చెప్పే కళ్ళు మన ఎవరికీ లేవు. మా తాతని తిట్టినవాళ్ళకీ లేవు, మీ మరిదికీ లేవు, నాకూ లేవు.

అలాంటప్పుడు ఎలా తెలుస్తుంది మరి? నాకు తెలిసిన మార్గం ఒకటుంది. ఆ దారి మొదటి అడుగులోనే నిన్ను ఏం అడుగుతోందో చూడు.

మీ దారి మొదటి అడుగులో అబద్ధం అడుగుతోంది. ఎనిమిది చదివిన మనిషి పది చదివానని కాగితం పెట్టాలి. రోజూ ఆ కాగితం మీద కూర్చుని ఉద్యోగం చెయ్యాలి, కొత్త ఆఫీసరు వచ్చి సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి పంపుదాం అన్న రోజున మీ ఆయనకి నిద్ర పడుతుందా? వడ్డీవాడు ఇంటి దాకానే వస్తాడు, ఈ భయం ఆఫీసుకి కూడా వస్తుంది. రెండో అడుగు లంచం. ఆ మధ్యవర్తి మీ డబ్బు నిజంగా పైనెవరికో ఇస్తే అది లంచం, ఇవ్వకుండా జేబులో వేసుకుంటే మోసం. మొదటిదైతే మీరు నేరంలో ఉన్నట్టు, రెండోదైతే మీరు మునిగినట్టు, మూడో దారి లేదు. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక లంచం ఇచ్చినవాళ్ళకి కూడా ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చామని చెప్పుకోవాలన్నా ఏడు రోజుల్లోపల పోలీసులకో ఏసీబీకో చెప్పి ఉండాలి. ఇక ఔట్‌సోర్సింగ్ అంటేనే ఏజెన్సీ ద్వారా పెట్టుకునే పని, పర్మనెంటు చేస్తామని ఎవరో ఇంటికొచ్చి నోటిమాటగా హామీ ఇస్తే అయ్యేది కాదు.

పోనీ పాపం, చట్టం, అన్నీ పక్కన పెట్టు, లెక్కే చూద్దాం. తోట 9 లక్షలు. అందులో అప్పుకి 3 లక్షల 20 వేలు, ఆ మధ్యవర్తికి ఇంకా ఇవ్వాల్సింది 5 లక్షలు, నీ గొలుసూ కమ్మలూ విడిపించడానికి 50 వేలు. మీ చేతిలో మిగిలేది 30 వేలు. నెలకు 15 వేల జీతం కోసం 5 లక్షల 50 వేలు కట్టడమంటే 36 నెలల పైన జీతం మీరే ముందుగా వాళ్ళకి కడుతున్నారు. మూడేళ్ళు ఊరికే పని చెయ్యాలి, అదీ ఉద్యోగం వస్తే. దీనికి మీ ఇంట్లో పెట్టిన పేరు భద్రమైన దారి.

ఇంకో సంగతి, నేను టెక్కలి పిల్లని, కొబ్బరి మొక్క సంగతి కొంచెం తెలుసు. నాటు రకం మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, వచ్చాక అరవై ఏళ్ళ పైన కాస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది, ఉద్దానం ఉద్దానమంతా చెట్లు నేలమీద పడుకున్నాయి, ఆ మర్నాడు మా చెల్లెలు ఫోన్లో ఏడవడం తప్ప ఏమీ మాట్లాడలేదు. ఆ స్థితిలో మీ అత్తగారు మళ్ళీ మొక్కలు వేయించింది. నీళ్ళు పోసింది, ఇన్నేళ్ళు ఒక్క కాయ లేకుండా కాపలా కాసింది. ఇప్పుడు కాపుకొచ్చిన ఏడాదే కొనడానికి మనిషి వచ్చాడంటే, ఆ తోట విలువ మీ అందరి కన్నా అతనికి బాగా తెలుసన్నమాట. యిర్మీయా గురించే ఇంకో మాట చెప్పనా, చుట్టూ శత్రువుల ముట్టడి, తను జైలు ఆవరణలో బందీ, అప్పుడు దేవుడు చెప్పాడని అనాతోతులో తన బంధువు పొలం 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులతో సంతకాలు పెట్టించి, ఆ దస్తావేజులు చాలాకాలం ఉండాలని మట్టికుండలో పెట్టించాడు. శత్రువు చేతికి పోతున్న ఊళ్ళో రిజిస్ట్రేషను! పిచ్చివాడనే అనుకుని ఉంటారు జనం. మీ అత్తగారు మళ్ళీ మొక్కలు వేయించినప్పుడు మీ వీధిలో ఏమన్నారో అడిగి చూడు.

వాగ్దానం కార్డు సంగతి. మా ఇంట్లోనూ డిసెంబరు 31 రాత్రి తీస్తాం, నాకు ఇష్టమే. కానీ ఆ కార్డు లాటరీ టికెట్టు కాదమ్మా. తెరిచిన తలుపు వచనం ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో 8వ వచనం, కార్డు మీద పట్టదు కాబట్టి సగమే వేస్తారు. మిగతా సగం చదివారా? నీకున్న శక్తి కొంచెమే అయినా నా మాట నిలబెట్టుకున్నావు, నా పేరు కాదనలేదు అని ఉంటుంది. ఆ తలుపు తెరిచింది దొంగ సర్టిఫికెట్టు పట్టుకొచ్చినవాడికి కాదు, శక్తి తక్కువగా ఉండి కూడా మాట తప్పనివాడికి. మీ ఇంట్లో ఆ వర్ణన ఎవరికి సరిపోతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు "నమ్ముకుని కూర్చోవాలా" అన్నావు చూడు, ఆ కూర్చోవడం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? యిర్మీయా వాళ్ళతో ఉండండి అన్నాడు గానీ కూర్చోండి అనలేదు. అంతకుముందు గెదల్యా కూడా, తను బతికున్న రోజుల్లో, ద్రాక్షారసం, పళ్ళు, నూనె కూర్చుకుని పాత్రల్లో దాచుకుని మీ ఊళ్ళల్లో కాపురముండండి అని చెప్పాడు, అంటే పని చేసుకోమనే. మన సోంపేటలో ఆరోగ్యవరం ఆసుపత్రి ఉంది కదా, ప్రార్థన చేసే మిషనరీలు నడిపిందే. మోకాళ్ళ మీంచి లేచి వెళ్ళి కళ్ళకి ఆపరేషన్లు చేశారు, మోకాళ్ళ మీదే ఉండిపోలేదు.

కాబట్టి మీరు చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి, కొన్ని మీ అత్తగారికి కూడా నచ్చవు. అసలు గొంతు నొక్కుతున్నది తోటా కాదు, ఉద్యోగం లేకపోవడమూ కాదు, ఆ మూడు రూపాయల వడ్డీ. నెలకి 9,600, ఏడాదికి లక్షా 15 వేల పైన, అసలు రూపాయి తగ్గకుండా. డ్వాక్రా సంఘంలో నీకు ఎంత లోను వస్తుందో, స్త్రీనిధిలో ఎంత వస్తుందో ఈ వారమే అడుగు, వచ్చినంత తెచ్చి ఆ అప్పు ముందు తగ్గించు. ఏదీ కుదరకపోతే, మీ అత్తగారు కోప్పడినా సరే, తోటలో ఒక పక్క అమ్మండి. 9 లక్షల బేరమంటే సెంటు 15 వేలు, 22 సెంట్లు పోతే అప్పు మొత్తం తీరిపోతుంది, 38 సెంట్లు మిగులుతుంది. అప్పు తీర్చడానికి భూమి అమ్ముకోవడం అవిశ్వాసం కాదు, అది నిజాయితీ. ఆవిడ దేవుణ్ణి నమ్ముతున్నానంటూ ఒక్కోసారి తోటనే నమ్ముతోందేమో, మెల్లిగా అడుగు, నేను అడిగానని చెప్పు. నాకన్నా పెద్దావిడే అయినా ఏమీ అనుకోదు.

మీ ఆయన కాలి సంగతి. సచివాలయంలో అడిగి, వైకల్యం శాతం తేల్చే సదరం క్యాంపుకి స్లాటు పెట్టించుకోండి. వైకల్యం 40 శాతం, ఆ పైన అని సర్టిఫికెట్టు వస్తే నెలకు 6,000 పింఛను ఉంది. ఆ డాక్టరు ఎంత వేస్తే అంతే, శాతం పెంచడానికి కూడా ఎవరో ఒకాయన వస్తాడు, గుమ్మంలోనే దణ్ణం పెట్టి పంపించెయ్యి. మూలపడి ఉన్న ఆటోని రోజు అద్దెకి ఇంకో డ్రైవరుకి ఇవ్వండి, బండి కదలకపోతే ఇనుము కిందకి పోతుంది. కూర్చుని చేసుకునే పని ఆయనకి ఏదైనా ఉంటుందా అని మీ జీడిపప్పు పరిశ్రమ యజమానినే అడుగు, గ్రేడింగ్‌కో, తూకం దగ్గరకో మనిషి కావాలేమో.

ఆ 50 వేలు తిరిగి అడగండి. మరిదితో మాట్లాడేటప్పుడు కోపంగా కాదు, అతనూ అన్న బాగుపడాలనే తెచ్చి ఉంటాడు. ఇవ్వనంటే, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిచ్చే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, కోర్టు ఆవరణలోనే ఆఫీసుంటుంది, జరిగింది జరిగినట్టు దాచకుండా చెప్పి ఏం చెయ్యాలో అడుగు. అప్పటికీ రాకపోతే పోయిందనుకోండి. 50 వేలు పోయాయి కదా అని ఇంకో 5 లక్షలు దాని వెనకాల పంపకండి. మేము చేసిన తప్పు అదే, మొదటి లక్ష ఇరుక్కుపోయింది కదా అని మిగతా రెండు కూడా వేశాం.

ఇంకో రకం వాళ్ళు కూడా వస్తారు జాగ్రత్త. కానుక విత్తనంగా వెయ్యండి, నూరంతలు వస్తుంది, అప్పులు తీరిపోతాయి అంటారు. చేతిలో మైకు ఉంటుంది, నోట్లో వచనం ఉంటుంది. అది కూడా బేరమే, ఆ మధ్యవర్తికీ ఇతనికీ తేడా చొక్కా రంగులోనే.

మీ ఆయన అన్న మాట గురించి. దేవుడొచ్చి వడ్డీ కడతాడా అన్నాడని నువ్వు బాధపడుతున్నావు. నాకు ఆ మాటలో దేవదూషణ ఏమీ వినబడలేదు. రోజూ నలుగురిని ఎక్కించుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు భార్య జీడిపప్పు పనికి పోయి నల్లబడ్డ చేతులతో తిరిగొస్తే గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. ఆ ఉద్యోగం ఆయనకి 15 వేలు కాదు, మళ్ళీ మగాడిలా లేచి నిలబడటం. అది తెలియకుండా మీ అత్తా నువ్వూ కలిసి వచనాలు చదివితే రాళ్ళు విసిరినట్టే ఉంటుంది ఆయనకి. ఒక రోజు పని మానెయ్యి, ఆయన్ని తోటకి తీసుకెళ్ళు, నెమ్మదిగానే నడవనీ. నీకు ఏం భయం అని అడుగు. వచనం చెప్పకు, విను.

ఇవన్నీ చేస్తే మీకు అంతా బాగుంటుందని నేను మాటివ్వలేను. మన తీరానికి అక్టోబరు వచ్చిందంటే ఎవరి గుండెల్లో ఎవరికి ధైర్యం ఉంటుంది చెప్పు, 2013లో ఫైలిన్, మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీకి హుద్‌హుద్, 2018లో తిత్లీ. ఇంకోటి రాదని నేనెలా చెప్తాను. దేవుడి మాట విన్న యిర్మీయానే ఐగుప్తుకి లాక్కుపోయారు, ఆయన తిరిగొచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. కానీ ఆయన ఎక్కడున్నా ఒకటే మాట మాట్లాడగలిగాడు, ముట్టడిలోనూ, బురద గోతిలోనూ, తహపనేసులోనూ. మోసపోయిన తర్వాత నాకు కరువైంది అదే, మా పిల్లలకి అబద్ధం చెప్పొద్దని చెప్పడానికి కొన్నాళ్ళు నోరు రాలేదు.

నేను ప్రార్థన చేస్తాను, చెయ్యనని కాదు. రేపు ఉదయం ఐదింటికి లేచి, ఈ బేరం చెడిపోవాలని చేస్తాను. మీ ఆయనకి తల ఎత్తుకుని చేసుకునే పని దొరకాలని చేస్తాను. ఆ మూడు రూపాయల వడ్డీవాడికి కూడా చేస్తాను, అది కొంచెం కష్టంగానే ఉంటుంది.

తోటకి వెళ్ళొచ్చాక ఉత్తరం రాయి. 27 మొక్కల్లో ఎన్ని గెలలు వేశాయో లెక్కపెట్టి రాయడం మర్చిపోకు.